రెండు నిమిషాల పెట్టె

పుంగనూరు,
ఫిబ్రవరి 11.

హేమావతికి మీ తాత రెడ్డెప్ప చెప్పేదేమంటే,

ఫోను చేయవద్దు. చేసినా నాకు వినపడదు. యాభై ఏళ్లు మోటార్ల మధ్య బతికిన చెవులు ఇవి. మూడో తరగతి చదువుతో నాకు వచ్చిన అక్షరాలు ఇవే, వీటితోనే చదువుకో.

మొన్న శుక్రవారం చౌడేపల్లె గోవిందప్పకు కరెంటు కొట్టింది. బోరు దగ్గర కూర్చుని కేబులు జాయింటుకు టేపు చుడుతున్నాడు. ట్రాన్స్‌ఫార్మరులో ఫ్యూజు పోయి లైనులో కరెంటు లేదు. అప్పుడు కరెంటు వచ్చింది. వచ్చిన వెంటనే నీ పెట్టె మోటారును ఆన్ చేసింది. కుడి చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. మదనపల్లె ఆసుపత్రిలో మూడు వేళ్లు తీసేశారు.

ఆ స్టార్టరు పెట్టె నువ్వు తయారు చేసిందని, కరెంటు వచ్చాక రెండు నిమిషాలు కూత పెట్టి ఎర్రలైటు ఆడించి ఆ తర్వాతే మోటారును లేపుతుందని, గోవిందప్పకు చెప్పి కొనిపించింది నేను. నా మనవరాలు ఇంజనీరు కాలేజీలో పాఠాలు చెబుతుంది, పెట్టె బుర్ర ఆ పిల్ల రాసిందే అని ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు ఊరంతా నన్ను అడుగుతున్నారు. రెండు నిమిషాలు యాడికి పోయినాయి రెడ్డెప్పా అని.

నేనేం చెప్పాలో రాసి పంపు.

రెడ్డెప్ప


కుప్పం,
ఫిబ్రవరి 16.

తాతా,

నీ జాబు చదివిన రోజు నేను క్లాసు చెప్పలేకపోయాను. గోవిందప్ప మామ చేతుల మీదే నేను దూడకు పాలు తాపడం నేర్చుకున్నాను.

నీకు ఒక విషయం అర్థమయ్యేలా చెప్పాలి. పెట్టెను తయారు చేసేముందు కంప్యూటరులో ఆడించి చూస్తాం. దాన్ని సిమ్యులేషన్ అంటారు. మోటారు, కేబులు, ట్రాన్స్‌ఫార్మరు, అన్నీ అందులో తయారుగా దొరికే బొమ్మలు. తీసి పెట్టి తీగలు కలపడమే. కానీ మనకు కావలసిన తెలివి ఉన్న బొమ్మ దొరకదు. అందుకని ఒక ఖాళీ గడి ఇస్తారు. అందులో ఏం జరగాలో సి అనే కంప్యూటరు భాషలో మనమే రాసుకోవాలి. కంప్యూటరు ఆ గడిని క్షణానికి వేలసార్లు అడుగుతుంది, ఇప్పుడు మోటారు ఆడాలా వద్దా అని. నేను రాసినదాన్ని బట్టి అది జవాబు చెబుతుంది. ఆ గడిలో రాసిందే తర్వాత అక్షరం మారకుండా మదనపల్లెలో ఈ పెట్టెలు తయారు చేసి అమ్మే గిరిబాబు గారి షాపులో పెట్టె లోపలి చిప్పులోకి పోతుంది.

కాబట్టి తప్పు ఉంటే ఆ గడిలోనే ఉండాలి. నాలుగు రోజులుగా ఆడించి చూస్తున్నాను. నలభై సార్లు కరెంటు తీశాను, నలభై సార్లు ఇచ్చాను. ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగింది. ఒక్కసారి కూడా తొందరపడలేదు.

ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచీ రాయి తాతా. ఎన్ని గంటలకు కరెంటు పోయింది, ఎవరు ఎక్కడున్నారు, చిన్న విషయమని ఏదీ వదలొద్దు. డెబ్బై పెట్టెలు అమ్ముడుపోయాయి. కారణం తెలిసేదాకా డెబ్బై బోర్ల దగ్గర డెబ్బైమంది ఉన్నట్టే.

హేమ


పుంగనూరు,
ఫిబ్రవరి 24.

హేమా,

కంప్యూటరులో ఆగితే గోవిందప్ప వేళ్లు మొలుస్తాయా.

ఏం జరిగిందో రాశాను కదా. పొద్దున పదిన్నరకు ఫ్యూజు పోయింది. పదకొండుకు ఫ్యూజు వేశారు. కరెంటు వచ్చింది. పెట్టె ఆగలేదు. ఇంకేం రాయాలి. చదువుకున్నవాళ్లు తప్పు దొరకకపోతే ఎదుటివాడిని లెక్కలు అడుగుతారు.

ఆసుపత్రికి పోయి చూసి వచ్చాను. గోవిందప్ప మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మునియమ్మ నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పింది.

"తెల్లావు ఎవురినీ పొదుగు ముట్టనీదు అన్నా. ఈయప్ప సెయ్యే గావాల దానికి. ఇన్ని దినాలనించి నన్ను తంతాండాది."

గోవిందప్ప అటే తిరిగి నవ్వి ఏదో అన్నాడు, అది కూడా మునియమ్మే నా చెవిలో చెప్పింది. "తన్నించుకోవే. ముప్పై ఏండ్లనించి నన్ను నువ్వు తన్నలేదా."

తర్వాత ఇటు తిరిగి నాతో గట్టిగా అన్నాడు, "రెడ్డెప్పా, నువ్వు యాల అట్ల మొగం పెట్టుకోనుండావు. కాలింది నా సెయ్యి గదప్పా."

నేను పండ్లు మంచం మీద పెట్టి వచ్చేశాను. బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు.

తప్పు పెట్టెదే. వెతుకు.

రెడ్డెప్ప


మదనపల్లె,
మార్చి 9.

తాతా,

రెండు రోజులు సెలవు పెట్టి గిరిబాబు గారి షాపుకు వచ్చాను. గోవిందప్ప మామ పెట్టెను విప్పి చూశాం. చిప్పు బాగానే ఉంది. మోటారుకు కరెంటు వదిలే కాంటాక్టరు మీద మాత్రం కొంచెం నల్లటి మచ్చ ఉంది. అది ముందే అతుక్కుపోయి ఉంటే కరెంటు రాగానే మోటారు లేస్తుంది, నా గడితో పనిలేదు. గిరిబాబు గారు అదే కారణమంటారు. "టమోటా నాట్ల టైం మేడమ్, నలభై ఆర్డర్లుండాయి. కాంటాక్టరు మారుస్తాం, మీరు టెస్టు కాగితం మీద సంతకం పెట్టండి" అంటున్నారు. నాకు ఆ మచ్చ మీద నమ్మకం లేదు. అంత చిన్న మచ్చ ఏ కాంటాక్టరుకైనా ఉంటుంది.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. మునియమ్మత్త రెండు మాటలు చెప్పింది.

ఒకటి, ఆ రోజు ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయి ఫ్యూజు వేసింది నువ్వేనని. నీ జాబుల్లో ఆ మాట లేదు. లైన్‌మన్ రాకుండా ఫ్యూజు ముట్టుకున్నావని ఎవరైనా అడుగుతారని రాయలేదేమో. నేను అడగను.

రెండోది నాకు ముఖ్యం. దెబ్బ తగలడానికి కొంచెంసేపు ముందు షెడ్డులో పెట్టె ఒకసారి కీచుమని ఆగినట్టు మామకు వినిపించిందట. పెట్టె కూసిందంటే కరెంటు వచ్చినట్టు. ఆగిందంటే పోయినట్టు. అందుకని ఒక్కటే అడుగుతున్నాను. ఆ రోజు కరెంటు ఒక్కసారే వచ్చిందా, లేక వచ్చి పోయి మళ్లీ వచ్చిందా? అక్కడున్నది నువ్వొక్కడివే. నువ్వు తప్ప చెప్పగలిగినవాళ్లు లేరు.

వెంటనే రాయి. నీ జవాబు వచ్చేదాకా సంతకం పెట్టను.

హేమ


పుంగనూరు,
మార్చి 14.

హేమా,

ఫ్యూజు వేసింది నేనే. లైన్‌మన్ వచ్చేదాకా కూర్చుంటే పైరు ఎండిపోతుంది. ఈ పక్క ట్రాన్స్‌ఫార్మర్లకు నేను వేసినన్ని ఫ్యూజులు ఏ లైన్‌మనూ వేసి ఉండడు. మీట దించి, కొత్త తీగ కట్టి, ఫ్యూజు పెట్టి, మళ్లీ మీట ఎత్తడం నా పద్ధతి. పది ఊళ్లవాళ్లు నా దగ్గర నేర్చుకున్నారు.

కరెంటు ఒక్కసారే వచ్చింది. గోవిందప్ప నొప్పిలో ఏదో విన్నాడు.

రెడ్డెప్ప


కుప్పం,
మార్చి 22.

తాతా,

నీ జవాబు అందింది. మనసు కొంచెం కుదుటపడింది.

నిజం చెప్పాలంటే నీ జాబు రాకముందే నేను కంప్యూటరులో కరెంటును అర సెకను పోగొట్టి మళ్లీ ఇచ్చి చూశాను. అప్పుడూ పెట్టె రెండు నిమిషాలు ఆగే లేపింది. ఇంకా రకరకాలుగా పోగొట్టి చూద్దామనుకున్నాను గానీ, ఒక్కసారే వచ్చిందని నువ్వు రాశాక ఆ దారి వదిలేశాను. మిగిలింది కాంటాక్టరే. గిరిబాబు గారు పెద్ద రకం కాంటాక్టర్లు తెప్పించారు. పాత డెబ్బై పెట్టెలకూ మారుస్తున్నారు, సోమల వైపు కొత్తవి ముప్పై పోతున్నాయి. టెస్టు కాగితం మీద సంతకం పెట్టాను.

చిన్నప్పుడు నీ షాపులో నేను చుట్టిన మోటారు కాయిలును నువ్వు చేత్తో తడిమి, బాగుంటే ఏమీ అనకుండా పక్కన పెట్టేవాడివి. బాగాలేకపోతే తెంపి నా ఒళ్లో పడేసేవాడివి. ఆ భయంతోనే ఇప్పటికీ ఏది రాసినా రెండుసార్లు చూస్తాను. ఈసారి నీ మాట చూసుకుని పెట్టిన సంతకం కాబట్టి మూడోసారి చూడలేదు.

మామ ఇంటికి వచ్చాడని విన్నాను. తెల్లావును అమ్మేశారట కదా.

హేమ


కుప్పం,
జూన్ 19.

తాతా,

మూడు నెలలుగా నువ్వు జాబు రాయలేదు. నేనూ పనిలో పడి రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

ఆదివారం సోమల దగ్గర శివశంకర్ అనే రైతు చనిపోయాడు. ముప్పై రెండేళ్లు. ఫ్యూజు పోయింది, బావమరిది ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయాడు. శివశంకర్ ఆ సందులో కేబులు జాయింటు విప్పాడు. కరెంటు వచ్చింది. పెట్టె ఆగలేదు. కొత్త పెట్టె. పెద్ద కాంటాక్టరు. ఒక్క మచ్చ లేదు.

అంటే నా గడిలోనే ఉంది. ఎక్కడో ఉంది, నాకు కనబడడం లేదు. నిన్నటినుంచి ఆ నలభై వరుసలే చదువుతున్నాను. గిరిబాబు గారు ఫోను తీయడం లేదు. ఆ టెస్టు కాగితం మీద ఉన్నది నా పేరు.

ఊరికే రాశాను. నీకు కాక ఇంకెవరికి రాసుకోను.

హేమ


పుంగనూరు,
జూన్ 22.

హేమావతికి,

ఇది చదివేటప్పుడు కూర్చుని చదువు.

కరెంటు ఒక్కసారి రాలేదు. వచ్చి పోయి మళ్లీ వచ్చింది. నేను అబద్ధం రాశాను.

మీట దించి ఫ్యూజు కట్టడం నా పద్ధతి అని రాశాను. అది నేను ఊరికి చెప్పిన పద్ధతి. చేసే పద్ధతి వేరే. మీట దించకుండానే ఫ్యూజును ఒక్క క్షణం ముట్టించి, నిప్పురవ్వ ఎంత పెద్దగా వస్తుందో చూసి తీసేస్తాను. రవ్వను బట్టి లైను ఎంత కరెంటు లాగుతుందో తెలుస్తుంది, తీగ చాలుతుందో లేదో తెలుస్తుంది. ఆ రోజు ముట్టించాను. రవ్వ పెద్దగా వచ్చింది. తీసి, ఇంకో పోగు కలిపి కట్టాను. ఐదారు నిమిషాలు పట్టింది. తర్వాత పెట్టాను. పెట్టగానే అటు గోవిందప్ప కేక పెట్టాడంట. నాకు అది కూడా వినపడలేదు. మునియమ్మ చేతులు ఊపుకుంటూ పరుగెత్తి రావడం చూశాను.

ఐదారు నిమిషాలు ఎందుకు పట్టిందంటే తీగ నాకు కనపడలేదు. మూడేళ్లుగా దగ్గర చూపు లేదు. నీ జాబులు కూడా భూతద్దం పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతున్నాను. తీగ మందం వేళ్లతో తడిమి చెబుతున్నాను, రవ్వ చూసి చెబుతున్నాను. షాపుకు వచ్చేవాళ్లకు తెలియనివ్వలేదు. చెవులు పోయిన మెకానిక్కు దగ్గరికి వస్తారు. కండ్లు పోయినవాడి దగ్గరికి ఎవరు వస్తారు.

నువ్వు అడిగినప్పుడు రాసి ఉంటే రెడ్డెప్ప ముట్టించి చూస్తాడంట అనేవాళ్లు. అలా చేసినవాళ్లను నలుగురిలో నిలబెట్టి తిట్టినవాడిని నేను. పెట్టె తప్పు ఎలాగూ నువ్వు పట్టుకుంటావు, నా మాట లేకపోయినా పట్టుకుంటావు అనుకున్నాను. నీ సంతకం సంగతి చదివిన రోజు రాయాలని కాగితం తీశాను. మళ్లీ లోపల పెట్టాను. మూడు నెలలు దాన్ని చూడకుండా ఉన్నాను.

సోమలలో ఆ బావమరిది కూడా ముట్టించే ఉంటాడు. ఈ పక్క అందరూ ముట్టిస్తారు. నన్ను చూసి నేర్చుకున్నవాళ్లు, వాళ్లను చూసి నేర్చుకున్నవాళ్లు.

పోలీసులు వస్తే నా పేరు చెప్పు.

రెడ్డెప్ప


కుప్పం,
జూన్ 27.

తాతా,

నీ జాబు అందిన పావుగంటకు తప్పు దొరికింది.

కరెంటు వచ్చిన క్షణాన్ని నా గడి గుర్తు పెట్టుకుంటుంది. అక్కడినుంచి రెండు నిమిషాలు దాటితే మోటారును లేపుతుంది. మోటారు ఆడి ఆగిన తర్వాతే ఆ గుర్తును చెరిపేస్తుంది. నేను రాసింది అంతే. కరెంటు వచ్చి, మోటారు ఇంకా లేవకముందే పోతే ఆ గుర్తును చెరపమని రాయలేదు. అలా పోతుందని నాకు తట్టలేదు. పెట్టెలో బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోయినా చిప్పు మరిచిపోదు. నువ్వు ముట్టించినప్పుడు గుర్తు పెట్టుకుంది. నువ్వు తీగ కడుతున్న ఐదు నిమిషాలూ లెక్కపెట్టింది. నువ్వు ఫ్యూజు పెట్టేసరికి రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. అది తన లెక్క ప్రకారం ఆగింది.

నేను అర సెకను పోగొట్టి చూసి బాగుందనుకున్నాను. ఐదు నిమిషాలు పోగొట్టి ఉంటే మార్చిలోనే కనబడేది. కరెంటు మధ్యలో పోలేదని నువ్వు రాశావని నేను చూడలేదు. ఆ తప్పు నాదే, నీ మీద వేయను. కానీ పోయిందని నువ్వు రాసి ఉంటే అదే రోజు చూసేదాన్ని. అది మాత్రం నాది కాదు.

చేర్చింది ఒక్క వరుస. దానికి శివశంకర్ పోయాడు. వంద పెట్టెలూ ఆపమని ఊరూరా మనుషులను పంపించాను. నా పేరు, నీ పేరు, గిరిబాబు గారి పేరు ముగ్గురివీ రాసి పోలీసులకు కాగితం ఇచ్చాను.

ఇప్పుడు కంప్యూటరులో ఇంకో ఖాళీ గడి పెట్టాను. ఇది పెట్టె తెలివి కోసం కాదు, మనుషుల కోసం. పెట్టె దగ్గర, ఫ్యూజు దగ్గర మనుషులు చేసే పనులన్నీ అందులో రాసి, వాటన్నిటినీ తట్టుకుంటుందో లేదో చూశాకే ఏ పెట్టె అయినా బయటికి పోవాలి. ఆ పనులు పుస్తకాల్లో లేవు. యాభై ఏళ్లలో నువ్వు చేసినవి, చేయగా చూసినవి అన్నీ రాయి. మంచి పద్ధతులు నాకు వద్దు.

నీ దగ్గరికి ఇప్పట్లో రాలేను. రావాలని లేదు.

హేమావతి


పుంగనూరు,
జూలై 7.

హేమావతికి,

రావద్దు.

సోమలకు పోయాను. శివశంకర్ భార్య పేరు శోభారాణి. నట్టింట్లో కూర్చుని ఉంది, చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకుని. ఆ పిల్ల మాట నాకు వినిపించడానికి వాళ్ల అత్త నా పక్కన కూర్చుని ప్రతి మాటా గట్టిగా చెప్పింది. తన కొడుకు సావు సంగతి ఆ తల్లి నా చెవిలో అరిచి చెప్పవలసి వచ్చింది.

నేను జరిగిందంతా చెప్పాను. ముట్టించింది, అబద్ధం రాసింది.

"నువ్వు మార్చిలోనే సెప్పింటే ఆ పెట్టె మాయింటికి వచ్చిండునా?" అని అడిగింది.

"బాగు చేసినాక వచ్చిండునమ్మా" అన్నాను.

"బాగు చేసింది వచ్చింటే ఈయప్ప ఉండునా?"

"ఉండును."

"అయితే యాల సెప్పలేదు నువ్వు?"

కండ్లు కనపడవని తెలిస్తే షాపుకు ఎవరూ రారని చెప్పాను. అత్త ఆ మాట విని ఇంకోసారి అడిగింది, సరిగా విన్నానా అన్నట్టు. మళ్లీ చెప్పాను. శోభారాణి లేచి లోపలికి పోయింది. అత్త అంది, "పోప్పా ఇంగ. నాలుగుకు బస్సుండాది." నేను లేచాను. గడప దాటుతుంటే తలుపు వేసుకున్నారు.

గోవిందప్పకు కూడా చెప్పాను. మునియమ్మ తాగమని తెచ్చిన మజ్జిగ లోటాను మళ్లీ లోపలికి తీసుకుపోయింది.

పోలీసు ఆయన వచ్చి రాసుకుపోయాడు. షాపు అద్దె గదిని ఖాళీ చేశాను. కాయిలు చుట్టే మిషను ఇనప సామాన్లవాడు తీసుకుపోయాడు.

నువ్వు అడిగినవి రాస్తున్నాను. పెద్ద అక్షరాలు రాస్తున్నాను, వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే సర్దుకుని చదువు.

ఫ్యూజు ముట్టించి తీసి మళ్లీ పెడతారు. రెండుసార్లు కాదు, ఐదారుసార్లు కూడా. తీగ ఒక్క పోగుకు రెండు పోగులు, మూడు పోగులు వేస్తారు. రెండు నిమిషాలు ఆగలేనివాళ్లు మూత తీసి కాంటాక్టరును ఎండు కట్టెతో నొక్కి మోటారును లేపుతారు. కట్టె తడిగా ఉంటే గుడ్డ చుట్టుకుంటారు. మూడు ఫేసుల్లో ఒకటి లేకపోతే కండెన్సరు తగిలించి రెండింటి మీదే ఆడిస్తారు. నేను వందమందికి తగిలించి ఇచ్చాను. కూత చెవులు తినేస్తోందని ఆ తీగ పీకేస్తారు. నీ పెట్టెలోని బ్యాటరీని తీసి మందు కొట్టే మిషనుకు వేసుకున్నవాళ్లను ఇద్దరిని చూశాను. బ్యాటరీ లేకపోతే నీ గడి ఏం చేస్తుందో అది కూడా చూడు. ఎర్తు తీగ కోసి దానితో దూడను కట్టేస్తారు. పక్క పొలం పెట్టెనుంచి తీగ లాక్కుని తమ మోటారు ఆడిస్తారు, అప్పుడు ఇక్కడ లైటు ఎర్రగా ఉన్నా అక్కడ కరెంటు ఉంటుంది. ఫ్యూజు వేసేవాడు ఒకడు, బోరు దగ్గర ఉండేవాడు ఒకడు, ఇద్దరి మధ్య రెండు పొలాల దూరం, సైగ కనపడదు. నాకు మాట కూడా వినపడదు. అయినా వేస్తాం.

ఇంకొకటి ఉంది. ఏం జరిగింది అని ఎవరైనా అడిగితే ఏమీ జరగలేదు అంటారు. ఒక్కసారే వచ్చింది అంటారు. ముసలివాడైనా, నేర్పినవాడైనా, సొంత తాత అయినా అంతే అంటారు. దీన్ని ఆ గడిలో ఎలా రాయాలో నాకు తెలియదు. నువ్వు చూసుకో.

రెడ్డెప్ప